టెక్సాస్ స్పెషల్ ఎడ్: ముందు ఐఈపీ తెచ్చుకోవాలా, ఎస్‌బీ 2 డబ్బుతో ప్రైవేటుకి వెళ్లాలా?

మామిడికుదురు_అమ్మాయి (ఫ్రిస్కో వైపు)

అందరికీ నమస్తే. మా బాబు కిండర్‌గార్టెన్. నాలుగో ఏట డాక్టర్ ఆటిజం, లెవెల్ 1 అని రాసిచ్చారు. మాటలు వచ్చాయి, అక్షరాలన్నీ చదువుతాడు. ఇబ్బందల్లా క్లాసులోనే. సర్కిల్ టైమ్‌లో కూర్చోడు, లైన్లో నిలబడడు, ఫైర్ డ్రిల్ గంట మోగితే బల్ల కింద దూరి బయటికి రాడు. ఆగస్టు నుంచి టీచర్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, ఫోన్ మోగితే టెన్షన్.

స్పెషల్ ఎడ్, అంటే ప్రత్యేక విద్య కింద పిల్లవాడికి తగ్గట్టు స్కూలు రాసే ప్లాన్‌ని ఐఈపీ అంటారట. దానికోసం స్కూల్లో ఎవాల్యుయేషన్ చేయమని టీచర్‌ని అడిగాను. "ముందు ఆర్‌టీఐ (మామూలు క్లాసులోనే అదనపు సాయం ఇచ్చి చూడటం) చేద్దాం, జనవరి దాకా చూద్దాం" అన్నారు. మా బావగారేమో ఎస్‌బీ 2 అని కొత్త చట్టం వచ్చింది, స్పెషల్ నీడ్స్ పిల్లలకి 30 వేల డాలర్లు ఇస్తున్నారు, ప్రైవేటులో వేసేయండి, ఈ గొడవంతా ఎందుకు అంటున్నారు. మావారు హెచ్1బీ మీద ఉన్నారు. స్పెషల్ ఎడ్ అని రికార్డులో పడితే రేపు గ్రీన్‌కార్డుకి అడ్డమేమోనని ఆయన భయం. బాబు ఇక్కడే పుట్టాడు. అత్తగారికి ఫోన్‌లో చెబితే "మగపిల్లలు అంతేనమ్మా" అని తేల్చేశారు.

ఏది ముందు చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లేనో_గోంగూర

గ్రీన్‌కార్డు సంగతి ముందు తేల్చేద్దాం. ఈ ఒక్క భయంతో మనవాళ్లు ఏళ్లు పోగొట్టుకుంటున్నారు. స్కూల్ రికార్డులకి 1974 నుంచే ఫెర్పా చట్టం రక్షణ ఉంది. మీ పిల్లవాడికి ఐఈపీ ఉందా అని గ్రీన్‌కార్డు ఫారంలో ఎవరూ అడగరు. పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే లెక్కలోకి పబ్లిక్ స్కూల్ చదువు రాదు, స్పెషల్ ఎడ్ కూడా అందులో భాగమే.

ఇక్కడ పుట్టని పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. 1982లో సుప్రీంకోర్టు తేల్చిన ప్లైలర్ కేసు మన టెక్సాస్‌దే, టైలర్ అనే ఊరి స్కూళ్ల మీద వేసింది. ఇమిగ్రేషన్ కాగితం చూసి పిల్లల్ని పబ్లిక్ స్కూల్ గుమ్మం దగ్గర ఆపకూడదని తీర్పు. మీ ఆయనకి ఈ పోస్ట్ చూపించండి.

కాగితం_పులి (అలెన్, ఇద్దరు పిల్లలకీ ఐఈపీ)

అమ్మాయిగారూ, టీచర్‌ని నోటిమాటగా అడిగితే గడియారం కదలదు. టెక్సాస్‌లో గడువు మొదలవ్వాలంటే రాతపూర్వకంగా అడగాలి, అదీ స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కి గానీ, ప్రిన్సిపల్ లాంటి అడ్మినిస్ట్రేటర్‌కి గానీ. ఈమెయిల్ సరిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్ పంపి, టీచర్‌ని సీసీలో పెట్టండి.

అది అందిన 15 స్కూలు రోజుల్లోపు వాళ్లు రెండిట్లో ఒకటి చేయాలి. సరే అంటే నోటీసుతోపాటు మీ సంతకం కోసం కన్సెంట్ ఫారం ఇవ్వాలి. కాదంటే ఎందుకు కాదో కారణాలతో రాతలో ఇవ్వాలి. "చూద్దాం" అనే మూడో జవాబు చట్టంలో లేదు. మీరు సంతకం పెట్టిన నాటి నుంచి 45 స్కూలు రోజుల్లో ఎఫ్‌ఐఐఈ, అంటే పూర్తి ఎవాల్యుయేషన్ రిపోర్టు రావాలి. ఆ తర్వాత 30 క్యాలెండర్ రోజుల్లో ఆర్డ్ మీటింగ్. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అనేదాన్నే మన దగ్గర ఆర్డ్ అంటారు.

ఆర్‌టీఐ సంగతి: వాళ్లు చేసుకోవచ్చు, మంచిదే. కానీ అది సాగుతోందని ఎవాల్యుయేషన్ వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే అన్ని రాష్ట్రాలకీ లేఖ రాసింది. రెండూ పక్కపక్కన నడవొచ్చు.

మరో మాట. డాక్టర్ రాసిచ్చిన ఆటిజం వేరు, స్కూల్ లెక్కలో ఆటిజం వేరు. ఐడియా (IDEA) అనే ఫెడరల్ స్పెషల్ ఎడ్ చట్టంలో 13 కేటగిరీలు ఉన్నాయి. పిల్లవాడు వాటిలో ఒకదాని కిందకి రావాలి, దానివల్ల స్పెషల్ ఎడ్ అవసరమూ ఉండాలి. డాక్టర్ రిపోర్టు జత చేయండి, కానీ దాన్ని చూడగానే ఐఈపీ ఇచ్చేస్తారని అనుకోకండి. "అక్షరాలన్నీ వచ్చు కదా, గ్రేడ్లు బాగున్నాయి కదా" అనే మాట తప్పకుండా వస్తుంది. చదువంటే గ్రేడ్లు మాత్రమే కాదు, క్లాసులో ఉండగలగడం, తోటి పిల్లలతో మెలగడం కూడా. బల్ల కింద దూరిన రోజుల మెసేజ్‌లు దాచుకోండి. అవే మీకు ఆధారం.

సంక్రాంతికి_ఊరెళ్తాం

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మేమూ ఇదే దశలో ఉన్నాం, కన్సెంట్ ఇచ్చేశాం. డిసెంబర్ సెలవులకి ముందే బయల్దేరి సంక్రాంతి చూసుకుని వస్తే ఈ 45 రోజులకి ఏమవుతుంది?

కాగితం_పులి

సెలవులు స్కూలు రోజులు కావు, వాటి గొడవ లేదు. స్కూలు నడిచే రోజుల్లో బిడ్డ మూడు లేదా అంతకంటే ఎక్కువ రోజులు రాకపోతే, రానన్ని రోజులూ గడువు ముందుకు జరుగుతుంది. మీరు భోగిమంటల దగ్గర ఉన్నన్ని రోజులూ అక్కడ గడియారం ఆగినట్టే. టికెట్లు మార్చుకోగలిగితే మార్చుకోండి, లేదంటే లెక్కలో వేసుకోండి.

సింహాద్రి_సీడర్‌పార్క్

అందరూ కాగితాలు, గడువులు అంటున్నారు. నేను ఇంకో వైపు చెబుతా. మా పాప విషయంలో ఒక డిస్ట్రిక్ట్‌తో మూడో తరగతి దాకా పోరాడాం. కాగితం మీద అన్నీ ఉంటాయి, క్లాసులో ఎయిడ్, అంటే సాయం చేసే మనిషి ఉండదు. వారానికి ఇంత స్పీచ్ అని రాస్తారు, థెరపిస్ట్ సెలవు పెడితే ఆ నిమిషాలు గాల్లో కలిసిపోతాయి. చివరికి సొంత డబ్బుతో చిన్న ప్రైవేటు స్కూల్లో చేర్చాం, పాప నవ్వుతూ వెళ్తోంది.

ఇల్లు కొన్నాక టెక్సాస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ ఎంతో మీకందరికీ తెలుసు. అందులో పెద్ద ముక్క స్కూళ్లకే. ఆ డబ్బులో కొంత నా బిడ్డ వెంట వస్తే తప్పేంటి? 2025 మే 3న గవర్నర్ ఆబట్ సంతకం పెట్టిన ఎస్‌బీ 2 చేసేది అదే. ఎడ్యుకేషన్ ఫ్రీడమ్ అకౌంట్ అని పేరు పెట్టారు. 2026-27 నుంచి మొదలు. ఫీజుకే కాదు, ట్యూటరింగ్‌కీ థెరపీకీ కూడా వాడుకోవచ్చు. ఎంపికలో మొదటి వరస డిజేబిలిటీ ఉన్న పిల్లలదే. పబ్లిక్ స్కూల్ పేరెత్తగానే దండం పెట్టే అలవాటు నాకు లేదండీ. ఇదే టెక్సాస్ 8.5 శాతం అని గీత గీసి పిల్లల్ని బయట పెట్టింది, మర్చిపోయారా?

ఊరెళ్లని_మొద్దు

8.5 శాతం ఏంటి? మేం 2021లో వచ్చాం, ఇది వినలేదు.

కేటీ_కాకతీయ (హ్యూస్టన్ పక్కన)

ఇది తెలియకుండా టెక్సాస్ స్పెషల్ ఎడ్ అర్థం కాదు, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

2004లో టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అదే టీఈఏ, డిస్ట్రిక్టుల పనితీరుని కొలిచే కొత్త పద్ధతి తెచ్చింది. అందులో స్పెషల్ ఎడ్ కింద ఉన్న పిల్లల శాతం ఒక అంశం. 8.5 శాతం లోపు ఉంటే మంచి మార్కు, పైన ఉంటే సంజాయిషీ, దిద్దుబాటు ప్రణాళిక. అప్పటికి రాష్ట్రంలో దాదాపు 12 శాతం పిల్లలు సేవలు పొందుతున్నారు. ఈ అంకె చట్టంలో లేదు, శాసనసభలో చర్చకి రాలేదు. పిల్లల్ని తీసేయండని ఎవరూ ఆర్డర్ రాయలేదు. రాయాల్సిన అవసరం లేకపోయింది. మార్కు కోసం చాలా డిస్ట్రిక్టులు తమంతట తామే దారులు వెతుక్కున్నాయి: అడిగినవాళ్లకి 504 ప్లాన్ (స్పెషల్ ఎడ్ కాకుండా మామూలు క్లాసులో కొన్ని సౌకర్యాలు) ఇచ్చి పంపడం, ఆర్‌టీఐలో ఏళ్ల తరబడి ఉంచడం, "ఇంట్లో వేరే భాష కదా, అందుకే లేటు" అనడం.

పదేళ్లు తిరిగేసరికి రాష్ట్రం మొత్తం శాతం సరిగ్గా 8.5 దగ్గరికి దిగింది. దేశంలోనే అట్టడుగు. జాతీయ సగటు అప్పటికి 13 శాతం. 2016 సెప్టెంబర్‌లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా బయటివాళ్లకి తెలియదు. 2017లో శాసనసభ ఎస్‌బీ 160 చేసి, పిల్లల సంఖ్యనో శాతాన్నో ఆధారంగా డిస్ట్రిక్టులకి మార్కులు వేయడాన్ని నిషేధించింది. 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ కూడా టెక్సాస్ ఐడియా చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. అవసరమున్న పిల్లల్ని వెతికి పట్టుకునే బాధ్యత స్కూళ్లదే, దాన్ని చైల్డ్ ఫైండ్ అంటారు. రాష్ట్రం తప్పింది అక్కడే.

గీత చెరిపేశాక 2022-23కి స్పెషల్ ఎడ్ పిల్లలు 7 లక్షలు దాటారు. పిల్లలు ఉన్నట్టుండి మారిపోలేదు కదా, ముందు నుంచీ ఉన్నవాళ్లే.

సింహాద్రిగారు ఈ కథ చెప్పి ప్రైవేటుకి పదండి అంటున్నారు. నాకు ఇదే కథలో ఇంకోటి కనిపిస్తుంది. ఆ 8.5ని పడగొట్టగలిగింది కూడా పబ్లిక్ స్కూళ్ల మీద ఫెడరల్ చట్టం ఉంది కాబట్టే. ప్రైవేటు స్కూలు మీ పిల్లవాణ్ణి వద్దంటే ఏ చట్టం పట్టుకుని అడుగుతారు?

సింహాద్రి_సీడర్‌పార్క్

కాకతీయ బ్రదర్, చట్టం పట్టుకుని 12 ఏళ్లు ఎవరు అడిగారు మరి? పిల్లల బడి వయసు అందులోనే అయిపోయింది.

ప్లేనో_గోంగూర

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కాగితం_పులి

బావగారి 30 వేల సంగతి వివరంగా రాస్తా, చాలామంది వాట్సాప్ ఫార్వర్డ్ చూసి లెక్కలు వేసుకుంటున్నారు.

30 వేలు పైకప్పు. అందరికీ వచ్చే మొత్తం కాదు. మామూలు పిల్లవాడికి ప్రైవేటు స్కూల్లో చేరితే రాష్ట్రంలో ఒక్కో విద్యార్థికి సగటున పెట్టే ఖర్చులో 85 శాతం, అంటే సుమారు 10 వేల పైచిలుకు. ఇంట్లో చదివించుకుంటే 2 వేలు. డిజేబిలిటీ ఉన్నవాళ్లకి, వాళ్ల ఐఈపీ ప్రకారం డిస్ట్రిక్ట్‌కి ప్రభుత్వం ఎంత ఇచ్చేదో ఆ లెక్కన పెరుగుతూ 30 వేల దాకా పోతుంది. వారానికి ఒక స్పీచ్ సెషన్ ఉన్న పిల్లవాడికి 30 వేలు రావు.

ఇక్కడే తిరకాసు. ఆ అదనపు డబ్బు రావాలంటే చేతిలో ఐఈపీ ఉండాలి. ఐఈపీ రాసేది పబ్లిక్ స్కూల్. అంటే బావగారి దారిలో వెళ్లినా మొదటి మెట్టు అదే ఈమెయిల్. 2026-27కి అప్లికేషన్లు 2026 మొదట్లోనే. ఇవాళ మెయిల్ పెడితే 15, 45, 30 కలిపి చూసుకోండి, వసంతం వస్తుంది. ఆ మొదటి ఏడాదికి ఆ బండి అందదనే నా అంచనా.

మొత్తం నిధి మొదటి దఫా 100 కోట్ల డాలర్లు. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో 55 లక్షల మంది పిల్లలున్నారు. మీరే భాగించుకోండి. వరసలో ముందుండేది డిజేబిలిటీతోపాటు ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 5 రెట్ల లోపు ఉన్న ఇళ్లు. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేసే మన ఇళ్లు చాలావరకు ఆ గీత దాటేస్తాయి.

టీచరమ్మ_లూయిస్‌విల్ (పబ్లిక్ స్కూల్, స్పెషల్ ఎడ్ టీచర్)

చదువుతూ ఊరుకుందామనుకున్నా, చేతులు ఊరుకోలేదు.

సింహాద్రిగారు చెప్పింది అబద్ధం కాదు. నిమిషాలు గాల్లో కలుస్తాయి. ఎందుకు కలుస్తాయో కూడా తెలియాలి. 1975లో అమెరికా కాంగ్రెస్ ఇప్పటి ఐడియా చట్టాన్ని మొదట చేసినప్పుడు, సగటున ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం భరిస్తుందని రాసుకున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ 40ని అందుకోలేదు. ఇక రాష్ట్రం. టెక్సాస్ ఇన్నాళ్లూ పిల్లవాడు ఎక్కడ కూర్చుంటాడన్నదాన్ని బట్టి డబ్బు ఇచ్చింది. అంటే విడి గదా, మామూలు క్లాసా, రిసోర్స్ రూమా అన్నదాన్ని బట్టి. వాడికి ఎంత సాయం కావాలన్నది రెండో మాట. మామూలు క్లాసులో ఉన్నా ఒక పిల్లవాడికి రోజంతా పక్కన మనిషి కావాలి, ఇంకొకడికి వారానికి అరగంట చాలు.

2025లో వచ్చిన హెచ్‌బీ 2 దీన్ని మారుస్తోంది. 2026-27 నుంచి సాయం ఎంత తీవ్రంగా కావాలన్నదాన్ని బట్టి నిధులు. ప్రతి తొలి ఎవాల్యుయేషన్‌కి డిస్ట్రిక్ట్‌కి 1,000 డాలర్లు కూడా. అది చిన్న మొత్తమే, కానీ పరీక్షలు చేసే డయాగ్నస్టీషియన్లు దొరక్క కాంట్రాక్టు మీద తెచ్చుకునే చోట ఉపయోగపడుతుంది. అదే బిల్లులో బేసిక్ అలాట్‌మెంట్, అంటే ఒక్కో విద్యార్థికి లెక్కగట్టే మూల నిధి, 55 డాలర్లు పెరిగింది. 2019 నుంచి 6,160 దగ్గరే కూర్చున్నది 6,215 అయింది. ఆరేళ్లలో గుడ్ల ధర ఎంత పెరిగిందో లెక్కేసుకుని ఆ 55ని చూడండి.

ప్రైవేటు గురించి నేను ఒక్క మాటే అంటాను. నా క్లాసుకి ప్రైవేటు స్కూలు నుంచి తిరిగొచ్చిన పిల్లలు ఉన్నారు. "మా దగ్గర వీడికి సరిపడదు" అన్న ఉత్తరంతో. అలాంటి ఉత్తరం రాసే హక్కు వాళ్లకి ఉంది, మాకు లేదు.

అమ్మాయిగారూ, మీ బాబు టీచర్ మీద కోపం పెట్టుకోకండి. జనవరి దాకా చూద్దాం అనమని పైనుంచి ఎవరో చెప్పే ఉంటారు, ఆవిడకి 15 రోజుల నియమం తెలియకపోయే అవకాశమూ ఉంది.

సింహాద్రి_సీడర్‌పార్క్

టీచరమ్మగారూ, మీలాంటి టీచర్ మా పాపకి దొరికి ఉంటే నేను ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు. అయినా నా మాట నాదే. డబ్బు తక్కువ అంటున్నారు, ఒప్పుకుంటా. మరి ఆ తక్కువ డబ్బుతో నా బిడ్డ ఏళ్లు గడవాలా? పై చదువులకి పిల్లల్ని ఊళ్లు దాటించి హాస్టళ్లలో వేసిన జాతి మనది, స్కూలు మారిస్తే మహాపాపం అన్నట్టు మాట్లాడుతున్నారు.

టీచరమ్మ_లూయిస్‌విల్

మార్చండి, ఎవరూ ఆపట్లేదు. ఏం వదులుకుంటున్నారో తెలిసి మార్చండి అంటున్నా. ఈఎస్ఏ, అదే ఎస్‌బీ 2 అకౌంట్ డబ్బు తీసుకుని ప్రైవేటులో చేర్చాక ఐఈపీ అమలు చేయమని ఆ స్కూల్‌ని అడగలేరు. ఆర్డ్ ఉండదు. 2017లో ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు ఏమందో గుర్తుందా? ఏదో కాస్త మేలు జరిగితే చాలనడం కుదరదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి వచ్చేలా ప్లాన్ ఉండాలి అంది. ఆ మాట పబ్లిక్ స్కూల్‌కే వర్తిస్తుంది. మీ పాప ఉన్న స్కూలు మంచిదై ఉండొచ్చు, సంతోషం. రేపు ఆ ప్రిన్సిపల్ మారితే?

ఇర్వింగ్_ఇడ్లీ

మా ఊరి కేసు ఎవరూ చెప్పలేదేంటి! స్పైనా బైఫిడా ఉన్న పాపకి మూడు నాలుగు గంటలకోసారి క్యాథెటర్ పెట్టాలి. అది వైద్యం, మా పని కాదు అంది ఇర్వింగ్ డిస్ట్రిక్ట్. 1984లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, టాట్రో కేసు. డాక్టర్ అక్కర్లేకుండా నర్సు చేయగలిగినదైతే, అది లేకుండా పిల్ల బడికి రాలేదంటే, అది స్కూలు పనే అని తీర్పు. ఇప్పుడు టెక్సాస్ స్కూళ్లలో నర్సు మందు వేస్తుందన్నా, ట్యూబ్ ఫీడింగ్ చేస్తుందన్నా దాని వెనక ఇదే ఉంది.

ఊరెళ్లని_మొద్దు

విడి గదిలో పెట్టే పిల్లలైతే? మా వాడికి మాటలు లేవు. లోపల ఏం జరిగిందో ఇంటికొచ్చి చెప్పలేడు. నా అసలు భయం అది.

కేటీ_కాకతీయ

దానికీ చట్టం ఉంది, ఆ విషయంలో టెక్సాస్‌దే దేశంలో మొదటి అడుగు. 2015 నాటి ఎస్‌బీ 507. సెల్ఫ్-కంటెయిన్డ్ స్పెషల్ ఎడ్ క్లాసులో ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే ఆ గదిలో వీడియో కెమెరా పెట్టాలి. బాత్రూమ్, బట్టలు మార్చే చోటు తప్ప. ఆడియో కూడా రికార్డవుతుంది. పెట్టేముందు గదిలోని టీచర్లకీ మిగతా తల్లిదండ్రులకీ నోటీసు ఇస్తారు. అయితే అడిగినప్పుడల్లా ఫుటేజ్ చూపించరు. ఏదైనా ఘటన జరిగిందని ఫిర్యాదు ఉంటేనే. మీరు ఇవాళే అడగొచ్చు.

ఊరెళ్లని_మొద్దు

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. థాంక్స్ అన్నా.

అడ్మిన్

రెండు పోస్టుల్లో స్కూల్ పేర్లూ ఒక ప్రిన్సిపల్ పేరూ తీసేశాం. అనుభవం రాయండి, పేర్లు వద్దు. వోచర్ (ఎస్‌బీ 2 డబ్బు) రాజకీయాలకి వేరే థ్రెడ్ తెరిచాం, ఏ పార్టీ ఎవరికి ఓటేసిందో అక్కడ తిట్టుకోండి.

మాటలమ్మ (స్పీచ్ థెరపిస్ట్)

కాకతీయగారు "ఇంట్లో వేరే భాష" అన్నారు కదా, దాని మీద కొంచెం.

ఐడియా చట్టం ప్రకారం పరీక్షలు పిల్లవాడికి బాగా వచ్చిన భాషలో జరగాలి, చేయగలిగినంత మేర. ఇంగ్లిష్ సరిగా రాకపోవడం ఒక్కటే కారణమైతే డిజేబిలిటీ అని రాయకూడదు. దాన్నే తిప్పి "భాష వల్లేలే" అని అసలు సమస్యని తోసేయడమూ కుదరదు. ఆర్డ్ మీటింగ్‌కి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగే హక్కు మీకుంది, ఖర్చు డిస్ట్రిక్ట్‌దే. ఆఫీసులో ఇంగ్లిష్ దంచేసే నాన్నలు దీన్ని చిన్నతనంగా చూస్తారు. మీటింగ్‌లో అమ్మమ్మ కూడా ఉండి, పగలంతా పిల్లవాణ్ణి చూసుకునేది ఆవిడే అయితే, ఆవిడ చెప్పేది రికార్డుకెక్కాలి.

పేరెంట్ ఫారంలో "హోమ్ లాంగ్వేజ్" దగ్గర ఇంగ్లిష్ అని రాసేస్తుంటారు, స్కూల్లో తక్కువగా చూస్తారని. అలా రాస్తే మీ బాబు తెలుగులో పూర్తి వాక్యాలు మాట్లాడతాడని పరీక్ష చేసేవాళ్లకి తెలిసేదెలా? బామ్మతో "నాకొద్దు, అది కావాలి" అని పేచీ పెడుతున్న పిల్లవాణ్ణి మాటల్లేని లెక్కలో రాసిన రిపోర్టులు చూశాను. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా చెబితే వినకండి. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనలు చెప్పడం లేదు.

నెల్లూరు_నెరజాణ

మా పాపది చదవడంలో ఇబ్బంది. డిస్లెక్సియా అన్నారు, 504 ఇచ్చి టెస్టుల్లో ఎక్కువ టైమ్ ఇస్తామన్నారు. ఇదీ 15 రోజుల దారేనా?

కాగితం_పులి

అవునండీ. 2023 నాటి హెచ్‌బీ 3928 తర్వాత డిస్లెక్సియా అనుమానం ఉంటే ఐడియా కిందే పూర్తి ఎవాల్యుయేషన్ చేయాలి. ఎక్కువ టైమ్ ఇస్తే చదవడం రాదు, నేర్పితే వస్తుంది. నేర్పడం కావాలంటే ఐఈపీ అడగండి.

అల్వాల్_అరుణ్ (2019లో డాలస్ నుంచి హైదరాబాద్ తిరిగొచ్చాం)

వెనక్కి రావాలా అని ఆలోచించేవాళ్ల కోసం. ఇక్కడ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, 21 రకాల వైకల్యాలు గుర్తించారు. 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, స్పెషల్ స్కూల్లో గానీ ఉచిత చదువు హక్కు. 40 శాతం తేల్చేది సదరం క్యాంపులో. గవర్నమెంటు బడి పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలు ఉంటాయి. కానీ ఐఈపీ ఇంత వివరంగా రాసి, 15 రోజులు 45 రోజులు అని స్కూలు మెడకి గడువు కట్టే ఏర్పాటు లేదు.

టీచర్ల కొరత మీద సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రైమరీలో పదిమంది పిల్లలకొకరు, పైతరగతుల్లో పదిహేను మందికొకరు చొప్పున స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉండాలంది. 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలని పోస్టులు మంజూరు చేయమని ఆదేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్‌జీటీలు. మొదలైందనే చెప్పాలి. మా అబ్బాయిని ప్రైవేటులో చేర్చడానికి తిరిగిన స్కూళ్లలో చాలావరకు "షాడో టీచర్‌ని (క్లాసులో పిల్లవాడి పక్కనే ఉండే మనిషిని) మీరే పెట్టుకోండి" అన్నాయి. జీతం మనదే. పరీక్షలు చేయించుకోవడానికి మాత్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది, అక్కడ ఓపిగ్గా చూశారు.

ప్లేనో_గోంగూర

షాడో టీచర్ జీతం మనం ఇవ్వడమా! ఇక్కడ అలా అడిగితే ఆ ప్రిన్సిపల్ మీద టీఈఏకి ఫిర్యాదు పెట్టొచ్చు. 60 రోజుల్లో తేల్చాలి వాళ్లు.

మామిడికుదురు_అమ్మాయి

అందరికీ థాంక్స్. మావారు కూర్చుని అంతా చదివారు, గ్రీన్‌కార్డు గొడవ తీరింది. ఇవాళ ప్రిన్సిపల్‌కి, స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టాం. ఎఫ్‌ఐఐఈ అడిగాం. ఆటిజం, మాట వాడుక, శబ్దాల ఇబ్బంది, ప్రవర్తన అన్నీ చూడమన్నాం. డాక్టర్ రిపోర్టు, టీచర్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జత చేశాం. ఇంటి భాష తెలుగు అని రాశాం. "మీకు వీలైనప్పుడు చేయండి" అని చివర్లో మర్యాదకి ఒక వాక్యం పెట్టారు మావారు. పర్లేదా?

ఇంకొకటి. రిపోర్టు వచ్చాక ఆర్డ్‌లో ఏం అడగాలో ముందే తెలుసుకోవచ్చా?

కాగితం_పులి

ఆ చివరి వాక్యం తీసేసి ఇంకో మెయిల్ పెట్టండి. వీలైనప్పుడు అన్నది వాళ్ల ఫైల్లో ఉండకూడదు. "15 స్కూలు రోజుల్లో మీ రాతపూర్వక జవాబు కోసం చూస్తాం" అంటే చాలు, అదీ మర్యాదే.

ఆర్డ్ గురించి: మొదటి మీటింగ్‌కి కనీసం 5 స్కూలు రోజుల ముందు రిపోర్టు కాపీ మీ చేతికి రావాలి. రాకపోతే మీటింగ్ వాయిదా అడగండి. ఆటిజం కింద అర్హత వస్తే టెక్సాస్‌లో ప్రత్యేకంగా ఆటిజం సప్లిమెంట్ అని ఉంటుంది, 11 అంశాలు. తల్లిదండ్రులకి శిక్షణ, ఇంటిదగ్గర శిక్షణ, వేసవి కొనసాగింపు, పిల్లవాడికి ఎంతమంది స్టాఫ్ అన్నవి అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ చర్చించి, అవసరం లేదంటే ఎందుకు లేదో రాయాలి. చాలా మీటింగుల్లో అన్నిటికీ "అవసరం లేదు" అని ముందే టిక్ పెట్టిన పేజీ వస్తుంది. ఆ పేజీ దగ్గర ఆపండి.

ఒప్పుకోకపోతే "డిజగ్రీ" అని రాయొచ్చు. 10 స్కూలు రోజుల్లోపు మళ్లీ కూర్చుందామని వాళ్లు అవకాశం ఇవ్వాలి. ఎవాల్యుయేషనే తప్పనిపిస్తే బయటివాళ్లతో చేయించమని అడగండి, ఐఈఈ అంటారు. ఖర్చు డిస్ట్రిక్ట్ పెట్టుకోవాలి, లేదంటే తన పరీక్షే సరైనదని హియరింగ్‌కి వెళ్లి నిరూపించుకోవాలి.

టీచరమ్మ_లూయిస్‌విల్

మీటింగ్‌కి ఇద్దరూ వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. మీ బాబుకి ఏది ఇష్టమో కూడా చెప్పండి, రైళ్లో, అంకెలో, ఏదైనా. ఆ గదిలో కూర్చున్న ఎనిమిది మందిలో సగం మంది వాణ్ణి టెస్టు పేపర్ల మీదే చూసి ఉంటారు.

మామిడికుదురు_అమ్మాయి

లిఫ్టులండీ. ఏ బిల్డింగ్‌కి వెళ్లినా ఏ కంపెనీ లిఫ్టో చెప్పేస్తాడు. మెయిల్ మార్చి మళ్లీ పంపించాం.

సింహాద్రి_సీడర్‌పార్క్

ఆ మెయిల్ కాపీ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మా తమ్ముడి కూతురు ఇప్పుడే ప్రీ-కె. తమ్ముడికి కూడా ముందు ఐఈపీయే తెచ్చుకోమని చెబుతా, వోచర్ సంగతి తర్వాత.